తొలి ముద్ద హక్కు

నమోదు 38

ఓడలో ప్రతి విభాగం పెద్దా రోజూ నాలుగు మాటలు నమోదు చేయాలని సహాయ దళం నియమం. ఇంజిన్ వాళ్లు ఇంధనం సంగతి రాస్తారు. డాక్టరు గారు బద్ధకిస్తారు. వంటశాల పెద్దనైన నేను, సూరాడ ఎర్రయ్యమ్మను, రాయాల్సింది ఒక్కటే: ఇవాళ కూడా వండినదంతా సముద్రం పాలైంది.

అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు. రెండు వేల మందికి సరిపడా. మా ‘చేయూత’ సిలోరా దేశం పక్కన లంగరు వేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. పొద్దున్నే వండుతాం, వేడి చల్లారకుండా కాపలా కాస్తాం, ఇవాళ్టికి తుఫాను రావడం లేదని కబురు రాగానే గిన్నెలు బోర్లిస్తాం. ఇక్కడి చేపలు వంకాయ కూరకి బాగా అలవాటు పడ్డాయి.

మేమొక్కరమే కాదు. ఉత్తరాది వాళ్ల తెల్ల ఓడ ఒకటి, దీవుల కూటమి వాళ్ల ఓడ ఒకటి, ఒకరి పోపు వాసన ఇంకొకరికి తగిలేంత దూరంలో నిలబడి ఉన్నాయి. మూడు ఓడలూ ఒకే తుఫాను కోసం కాచుకుని ఉన్నాయి. ఏ దేశం వండిన అన్నం ముందుగా బాధితుడి నోట్లో పడితే ఆ దేశానిదే తొలి ముద్ద. తొలి ముద్ద ఎవరిదో, ముప్పై ఏళ్లపాటు ఆ రేవు వాళ్లది, రోడ్లు వాళ్లవి, బడిలో చెప్పే భాష కూడా వాళ్లదే. పొట్లాలూ బిస్కెట్లూ పనికిరావు. అన్నం వేడిగా ఉండాలి, పళ్లెంలో పెట్టాలి, పైన తిరిగే సాక్షి చూడాలి. సాక్షి అంటే దేశాలన్నీ కలిసి ఎగరేసిన యంత్రపు కన్ను. పావురమంత ఉంటుంది గానీ పావురానికుండే సిగ్గు దానికి లేదు, వంటింట్లోకి కూడా తొంగి చూస్తుంది.

ఒకప్పుడు ఈ తొలి ముద్ద మాదే. పాత వరదలో మా దళమే ముందు చేరింది. ఆ ముప్పై ఏళ్లూ ఈ ఏటితో తీరిపోతున్నాయి. అందుకే మా దూత నిరంజన్ గారికి కంటిమీద కునుకు లేదు. ఓడ నడిపేది కెప్టెన్ అయినా ఆడించేది ఆయనే.

నమోదు 39

ఇవాళ ఒక పొరపాటు జరిగింది. పొరపాటని నాకు అనిపించడం లేదు గానీ, అందరూ అలాగే అంటున్నారు కాబట్టి అలాగే రాస్తున్నాను.

పెమ్రా అనే ఊరు మాకు ఎదురుగా, ఏటి మొగలో ఉంది. ఆ ఊరి నుంచి తెమ్మి అనే ఆవిడ చేపలు అమ్ముకోవడానికి చిన్న పడవలో వస్తూ ఉంటుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. పాత వరద తర్వాత మా వాళ్లు పెట్టిన బడిలో చదువుకుంది. ఆ బడికి వచ్చిన మేష్టరు మా టెక్కలి వైపు ఆయన కావడంతో దేశం కాని దేశంలో ఈవిడ అచ్చం మా పిన్నమ్మలా మాట్లాడుతుంది, నన్ను అక్కలా ‘అప్పా’ అని పిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను గరిటె కింద పడేసుకున్నాను.

మధ్యాహ్నం వడ్డన వేళకి వచ్చింది. ఎండకి మొహం కమిలిపోయి ఉంది.

“ఏటప్పా, గుమగుమలాడిపోతంది! మళ్లీ సేపలకేనేటి ఇదంతా?” అంది.

“సేపలు నీకంటే పెట్టి పుట్టినాయి. తిన్నావేటి?”

“తింటాన్లే ఇంటికెల్లి. మా అయ్య మంచంమీద నా కోసరం సూస్తుంటాడు.”

వేళకి గుమ్మంలోకి వచ్చిన మనిషిని తిన్నావా అని అడిగి, లేదంటే ఊరుకుని పంపేయడం మా ఇంటావంటా లేదు. నిబంధనలు నాకు తెలియనివి కావు. విపత్తుకి ముందు ఒడ్డువాళ్లకి వండిన అన్నం పెట్టకూడదు. కానీ చెయ్యి దానిపాటికది పళ్లెం తీసింది, అన్నం పెట్టింది, పప్పు వేసి నెయ్యి కూడా ఒంపింది. తెమ్మి మెట్టు మీద కూచుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ క్షణాన కిటికీలోంచి సాక్షి లోపలికి వచ్చి ఆవిడ మొహం ముందు ఆగింది. దాని కడుపు కింద ఎర్రగా ఉండే దీపం పచ్చగా వెలిగింది.

దాలినాయుడు చేతిలో చారు గిన్నె అలాగే ఉండిపోయింది. నా కింద రెండో వంటవాడు, మా మండలం వాడే. “అప్పా, ఏటి సేసీసినావు! ముద్ద పడిపోనాది!” అన్నాడు.

“పెడితే పడదేటి?” అన్నాను. అన్నానే గానీ, సాక్షి వెళ్లాక కిటికీ మూసేశాను. తెమ్మి మాత్రం పళ్లెం నాకేసి, తండ్రికి మరో పళ్లెం కట్టించుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నమోదు 40

నిరంజన్ గారు పొద్దున్నే వంటశాలకి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన స్టూలు లాక్కుని కూచుని కాఫీ అడిగారు.

“ఎర్రయ్యమ్మ గారూ, మీరు చేసిన పనికి అర్థం తెలుసా? తొలి ముద్ద మన పేరున నమోదైపోయింది.”

“విపత్తే రాలేదు కదండీ, ఎలా అవుతుంది?”

“ముద్ద పడిన మూడు రోజుల్లోగా విపత్తు వస్తే చెల్లుతుంది. సాయం పడవలు విపత్తుకి ముందే ఒడ్డు చేరే సందర్భాల కోసం పెట్టిన వెసులుబాటు అది. రాకపోతే దొంగ ముద్ద అంటారు. దొంగ ముద్ద పెట్టిన దేశాన్ని పదేళ్లు ఏ తీరానికీ రానివ్వరు.”

“తుఫాను వస్తుందన్నారు కదా?”

“రాత్రి దారి మార్చింది,” అన్నారు. “ఉత్తరానికి పోతోంది. అక్కడ సముద్రంలోనే చచ్చిపోతుంది.”

నా ప్రాణం లేచి వచ్చింది. ఊరు బతికిపోయిందని నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించారు. ఇన్నేళ్లలో ఏ దూతా వంటశాలలో గ్లాసు కడగడం నేను చూడలేదు. ఎందుకో ఆ పని నాకు నచ్చలేదు.

సాయంత్రం దాకా ఆయన రాజధానితో మాట్లాడుతూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి డెక్కు మీదికి వచ్చి చాలాసేపు కొండల వైపు చూశారు. అటువైపు కనిపించేది మైత్రి ఆనకట్ట. పాత వరద అయ్యాక సిలోరా వాళ్లకి మేం కట్టి ఇచ్చిన కానుక. కట్టడం మాదే, నడపడం మాదే, గేట్ల తాళాలూ మా ఇంజినీర్ల దగ్గరే ఉంటాయి. ఈ ఏడు వానలు బాగా పడి నిండుకుండలా ఉంది. సరిగ్గా దాని కిందే ఏరు, ఏటి చివర పెమ్రా.

నమోదు 41

తెల్ల ఓడ లంగరు ఎత్తింది. మధ్యాహ్నానికి దీవుల కూటమి వాళ్లూ వెళ్లిపోయారు. తుఫాను లేనిచోట వాళ్లకేం పని? వెళ్తూ వెళ్తూ మా వైపు కూత వేసి వెక్కిరించారు. మేం వెళ్లలేదు.

ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఊరివాళ్లు పందిళ్ల మీద చేపలు ఎండబెట్టుకున్నారు. అక్కడి పిల్లల కేకలు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

వంట ఆపేయాలా అని అడగడానికి నేనే నిరంజన్ గారి గదికి వెళ్లాను.

“ఆపొద్దు. రేపు సాయంత్రానికి ఎనిమిది వేల మందికి కావాలి.”

“ఎనిమిది వేలా? ఎవరికండీ?”

“పెమ్రాకి.”

“పెమ్రాకేమైందండీ? సుబ్బరంగా ఉన్నారు కదా.”

ఆయన నా వైపు చూడకుండా, “పప్పు కొంచెం పలచగా చేయండి. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్లకి ముద్ద దిగదు,” అన్నారు.

ఇరవై రెండేళ్లుగా ఈ ఓడల మీద వండుతున్నాను. ఏడ్చినవాళ్లకి పప్పు ఎలా ఉండాలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఇంకా ఏడవని వాళ్లకి ముందురోజే పలచగా చేయమని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నాకు భయం వేసింది. ఆ భయానికి పేరు పెట్టడానికి ఇంకా భయం వేసింది. పప్పు కడిగి వచ్చి పడుకున్నాను.

నమోదు 42

ఇవాళ్టిది నాలుగు మాటల్లో అయ్యేది కాదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున టిఫిన్ల వేళకి ఓడ మీదికి కొత్త జనం ఎక్కారు. ఆనకట్ట సిబ్బంది, వాళ్ల పెళ్లాం పిల్లలు, పెట్టెలు, ఒకరి చంకలో కుక్కర్, ఒకరి చేతిలో పంజరంలో చిలక. ఆకలిమీద ఉన్నారని ఉప్మా పెట్టాను. వాళ్లలో ఒకతను దాలినాయుడి బావమరిది, గేట్ల దగ్గర పనిచేస్తాడు.

“ఇదేటి బావా, అందరూ ఇలగొచ్చీసినారు?” అని దాలినాయుడు అడిగాడు.

“సెలవిచ్చినారు. ఉన్నపలంగా ఓడెక్కీయమన్నారు.”

“మరి గేట్లో?”

“అయ్యి ఇయ్యాల్టి నుంచి రాజదాని నుంచే నడుపుతారంట. మజ్జానం దాటినాక ఎవులూ అక్కడుండొద్దన్నారు.” అతను ఉప్మా కలుపుతూ మాట్లాడుతున్నాడు గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. “అప్పా, నాకేటీ తెలీదు. నన్నడక్కండి,” అన్నాడు నాతో, నేనేమీ అడక్కుండానే.

దాలినాయుడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊరికి చెబుదామంటే రేడియో మాటలన్నీ దూత గది నుంచే, మా ఫోన్లు నిన్నటి నుంచీ పలకడం లేదు. పడవేసుకుని వెళ్లి కొండెక్కండి అని అరిస్తే, నీలాకాశం కింద ఎవరు నమ్ముతారు? ఎనిమిది వేల మందికి ఇల్లిల్లూ తిరిగి చెప్పడానికి మధ్యాహ్నం దాకా ఎన్ని గంటలున్నాయి?

అప్పుడు గంట గుర్తొచ్చింది. మా దళం వడ్డన గంట. పాత వరదలో ఈ ఊరు ఆర్నెల్లు ఆ గంట చప్పుడు మీదే బతికింది. ఇప్పటికీ బడిలో మధ్యాహ్న భోజనానికి అలాంటిదే కొడతారు. అది మోగితే పెమ్రాలో ముసలివాళ్లయినా కారణం అడగరు, పళ్లెం పట్టుకుని చప్పుడు వచ్చిన వైపు నడుస్తారు.

“వడ్డన పడవలు దింపురా దాలినాయుడూ. ఉన్నదంతా ఎత్తీ, గంట కూడా. కొండమీద పెడదాం,” అన్నాను.

“దూత గారిని అడగొద్దేటి?”

“అడిగితే వద్దంటారు. వద్దన్నాక ఎలితే తప్పు. అడక్కుండా ఎలితే మతిమరుపు.”

నాలుగు పడవలు దింపాం. మేం గిన్నెలు దింపుతుంటే నిరంజన్ గారు పై డెక్కు మీద నిలబడి చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట అంటే పడవలు ఆగిపోయేవి. ఆయన అనలేదు. అప్పుడు అది దయ అనుకున్నాను.

ఊరి పక్క కొండ మీద పాత దీపస్తంభం ఉంది. దాని కింద గిన్నెలు పెట్టి గంట కొట్టించాను. ఊళ్లోంచి మొదట పిల్లలు వచ్చారు, వాళ్ల వెనక మేష్టర్లు, తర్వాత ఆడవాళ్లు, తర్వాత బజారు బజారంతా. ఏం పండగని అడిగితే మా దేశంలో పండగని చెప్పాను. పళ్లెంలో అన్నం పడగానే ఒక్కొక్కరూ “అన్నదాతా సుఖీభవ” అంటున్నారు. మా బడిలో నేర్పిన మాట. పిల్లలు పాటలా పాడుతున్నారు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

అంతలో నేను ముందుగా ఊహించనిది మొదలైంది. తిన్నవాళ్లు మళ్లీ వరసలోకి వచ్చి రెండో పళ్లెం అడుగుతున్నారు. ఇళ్లలో ఉన్న ముసలివాళ్లకి, బాలింతలకి పట్టుకెళ్తామని. నా వడ్డనలో ఎప్పుడూ ఇంటికి పట్టుకెళ్లే పళ్లేనికి లేదనడం లేదు. ఇవాళ గరిటె అడ్డం పెట్టాను.

“ఇంటికి లేదు. ఇక్కడే తినాల.”

తెమ్మి వరసలో ముందుకొచ్చింది. “ఏటప్పా, కొత్తగా? మా అయ్య కాలు కదపనేడని నీకు ఎరికే గదా. అయ్యకెవులు పెడతారు?”

“అన్నం కిందకెల్లకూడదు తెమ్మీ. అయ్యే పైకి రావాల. మంచంతోటి మోసుకొచ్చీయండి. ఇంకెవులెవులు ఇళ్లల్లో ఉండిపోనారో అందర్నీ తెచ్చీయండి. బేగి.”

“తుఫాను ఎల్లిపోనాది గదా?”

“తుఫాను కాదు.”

ఆవిడ నా మొహం చూసింది. ఆ తర్వాత ఓడ వైపు, ఆ తర్వాత ఆనకట్ట వైపు చూసింది. “పొద్దున్న ఆనకట్టోలంతా సామాన్లతోటి మీ ఓడెక్కినారు,” అంది మెల్లగా. “నాను సూసినాను. బదిలీ కాబోలనుకున్నాను.”

నేను తల దించుకున్నాను. తెమ్మి పళ్లెం నేలకేసి కొట్టి వాళ్ల భాషలో ఒక్క కేక పెట్టింది. మగాళ్లంతా కిందికి పరుగెత్తారు.

ఆ తర్వాతంతా మంచాలే. తలుపుల మీద, వలల్లో, వీపుల మీద మనుషుల్ని మోసుకొస్తున్నారు. దాలినాయుడు గరిటె పారేసి తనూ దిగాడు. నేను గంట కొడుతూనే ఉన్నాను. చెయ్యి పడిపోతున్నా ఆపలేదు, ఆపితే జనం కిందికి దిగిపోతారేమోనని.

ముందు కుక్కలు అరిచాయి. తర్వాత కొండల్లోంచి లారీలన్నీ ఒకేసారి బయల్దేరినట్టు చప్పుడు వచ్చింది. తెమ్మి, ఆవిడ తమ్ముడు తండ్రి మంచం పట్టుకుని కొండ మొదట్లో ఉన్నారు. దాలినాయుడు వెనక కోడు పట్టుకున్నాడు. నీళ్లు బడి దాటాయి, బజారు దాటాయి. చేపల పందిళ్లు, పడవలు, మేకలు, ఇళ్ల కప్పులు అన్నీ కలిసి సముద్రంలోకి పోతున్నాయి. మంచం కొండ మలుపు ఎక్కేసరికి నీళ్లు దాలినాయుడి మోకాళ్లకి తగిలాయి. పైకి లాగాం. ముసలాయన కళ్లు తెరిచి, ఇదేం గోల అన్నట్టు అందర్నీ చూశాడు.

ఒక్కరూ పోలేదు. మూడుసార్లు లెక్క చూసుకున్నారు, ఇంటింటి వాళ్లనీ పిలిచి. ఊరు లేదు, మనుషులున్నారు.

సాయంత్రం ఓడ నుంచి ఎనిమిది వేల పళ్లేలు వచ్చాయి. పప్పు పలచగా ఉంది, నేను లేకపోయినా ఎవరో వండారు. సాక్షులు పదో పదిహేనో నెత్తిమీద తిరుగుతున్నాయి. జనం వరస కట్టారు, పిల్లలకి ఆకలేస్తుంది కదా. తెమ్మి కూడా వరసలో నిలబడింది. నా దగ్గరికి వచ్చి పళ్లెం చాపింది. నా మొహంకేసి చూడలేదు. అందరూ అనే ఆ మాట ఆవిడ అనలేదు. అన్నం తీసుకుని తండ్రి మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

నమోదు 43

పాత గేట్లు నీటి బరువుకి ఆగలేక తెగిపోయాయని వార్తల్లో చెప్పారు. దేవుడిలా ఎదురుగా ఉన్న ‘చేయూత’ ఊరంతటినీ కాపాడిందని కూడా చెప్పారు. నేను గంట కొడుతున్న బొమ్మ లోకమంతా చూసిందట. సిలోరా పెద్దలు కళ్లనీళ్లతో మరో ముప్పై ఏళ్లకి సంతకం పెట్టారు.

నిరంజన్ గారు మళ్లీ వంటశాలకి వచ్చారు. ఈసారి నేను కాఫీ ఇవ్వలేదు.

“మీరే చేయించారు,” అన్నాను. “పుణ్యానికని కట్టి ఇచ్చి, మీరే ఊరి మీద వదిలారు.”

“ఒక్కరైనా పోయారా?”

“నేను వెళ్లబట్టి పోలేదు!”

“అదే నేనూ అంటున్నాను,” అన్నారాయన, ఎంతో మర్యాదగా. “మిమ్మల్ని నేను ఆపలేదు, గుర్తుంచుకోండి. ఇదివరకు ఎప్పుడూ ఇలా జరగలేదు. ఇదివరకు ప్రతిసారీ మనుషులు పోయేవారు. అదొక్కటే మాకు బాధగా ఉండేది.”

ఇదివరకు ప్రతిసారీ. ఆ మాట నెమ్మదిగా అర్థమైంది. ఇరవై రెండేళ్లలో నేను వండిపెట్టిన ఊళ్లన్నీ కళ్లముందు తిరిగాయి. మేం ఎప్పుడూ అందరికంటే ముందు చేరేవాళ్లం. మా దళం చురుకుదనం అది అని ఇంటికెళ్లి గొప్పలు చెప్పుకునేదాన్ని.

“రాజధానిలో మీ పద్ధతి అందరికీ నచ్చింది,” అని ఆయన చెప్పుకుపోతున్నారు. “ముందు ఊరిని గంట కొట్టి ఎత్తు మీదికి పిలవడం, తర్వాత మిగతా పని. ఎవరికీ పాపం ఉండదు. ఇక మీదట అన్ని ఓడల్లోనూ ఇలాగే. మీరే నేర్పాలి. వచ్చే పని మొరానీ దేశంలో. అక్కడ సముద్రపు కట్ట మనదే.”

“నేను రాను.”

“రాకపోతే ఇంకొకరు వండుతారు. గంట కొట్టాలని వాళ్లకి తోచకపోవచ్చు.”

ఆయన బెదిరించడం లేదు. నిజమే చెబుతున్నారు, అందుకే ఒళ్లు మండిపోయింది. నేను దిగిపోతే కట్ట ఆగదు. గంట ఒక్కటే ఆగుతుంది. దాలినాయుడు మూల కూచుని అంతా విన్నాడు. “ఏటప్పా సేద్దాం?” అన్నట్టు చూశాడు. పొయ్యి వైపు తిరిగాను. లోకానికి చెప్పేద్దామా అంటే, లోకం దగ్గర ఇప్పుడు నా బొమ్మే ఉంది, నవ్వుతున్నట్టు గంట కొడుతూ.

చివరికి అడిగాను. “ఆ మొరానీలో, ఆ కట్ట పక్కన, కొండ ఉందా?”

నిరంజన్ గారు చేతిలో పటం తెరిచి ఇటూ అటూ జరిపి చూశారు. పెద్దది చేసి మళ్లీ చూశారు.

“లేదండీ,” అన్నారు. “దేశమంతా బల్లపరుపు నేలే.”

పటం మూసి, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నామని చెప్పి పైకి వెళ్లిపోయారు.